వెనుక బల్లమీది బాలురు

ప్రతి పాఠశాలయందును వెనుక బల్లమీద కూర్చుండు బాలుడొకడు గలడు. వాడు అల్లరివాడు కాడు. పిలిచినచో పలుకును, పని చెప్పినచో చేయును, కాని పుస్తకము చేతికిచ్చి చదువుమన్నచో వాని నోరు కట్టుపడిపోవును. ఉపాధ్యాయుడు మొదట కోపించును, పిదప విసుగుకొనును, తుదకు వానిని మఱచును. తోడిపిల్లలు వానికి “మొద్దు” అని నామకరణము చేయుదురు. కొంతకాలమునకు ఇంటివారును ఆ పేరునే అంగీకరింతురు. ఏడవ తరగతియో ఎనిమిదవ తరగతియో గడవకముందే వాని చదువు ముగియును. విచారణ లేకుండ, సాక్ష్యము గైకొనకుండ ఒక మనుష్యునికి యావజ్జీవశిక్ష విధించు పద్ధతి మన దేశమున ఇంకను ఎచ్చటనైన నిలిచియున్నదా యని ఎవరైన అడిగినచో, ఆ వెనుక బల్లను చూపవలసియున్నది.

ఈ మాటలు వ్రాయుటకు కారణమైన సంగతి నొకదానిని పాఠకులకు విన్నవించెదము. కొంతకాలము క్రిందట గట్టు ప్రాంతపు గొఱ్ఱెల కాపరి యొకడు భూమి తగాదా నిమిత్తమై మా యాఫీసునకు వచ్చెను. వెంట పండ్రెండేండ్ల కుమారుడుండెను. కాగితముల పని ముగిసిన పిమ్మట ఆ తండ్రి లేవక, కొంత తటపటాయించి, ఇట్లనెను: “వకీల్ సాబ్, ఇంకొక్క మాట. ఈ పిలగాడు ఏడేండ్ల సంది బడికి పోతున్నడు. పేరు గూడ సక్కగ రాయరాదు. సారోళ్లేమో వీనికి మెదడు లేదంటరు. నూరు గొర్లు మందల ఉంటె ఒక్కటి తప్పినా నిమిషంల జెప్తడు. సంతల బేరం జేస్తె పైస మోసపోడు. మెదడు లేకుంటె ఇదంత ఎట్ల జేస్తడు? ఎవరన్న సూసి జెప్పేటోళ్లు ఉన్నరా?”

చూచి చెప్పువారెవరైన నున్నారా? ఆ కాపరి వేసిన ప్రశ్న యిదియే. మా యొద్ద నున్న న్యాయశాస్త్రగ్రంథములలో దానికి సమాధానము కలదు. మా యూరిలో లేదు. ఈ రెంటికి నడుమ నున్న దూరమును గుఱించియే యీ వారము కొంత చెప్పదలచితిమి.

ఆ తండ్రి సందేహము క్రొత్తది కాదు. 1896లో ఇంగ్లండు దేశపు వైద్యుడు ప్రింగిల్ మార్గన్ పదునాలుగేండ్ల బాలు నొకనిని గుఱించి వైద్యపత్రికలో ప్రకటించెను. ఆ బాలుడు చూపు బాగుగా గలవాడు, తెలివిగలవాడు, లెక్కలు చేయగలవాడు. కాని అచ్చుమాట చదువలేడు. పాఠమంతయు నోటిమాటగా నడచినయెడల పాఠశాలలో వీనిని మించిన చురుకైనవాడు లేడని వాని గురువు చెప్పెనట. ఇంగ్లండు బాలుడును, గట్టు బాలుడును ఒకే యవస్థకు లోనైనవారు కావచ్చును. నేడు దీనిని డిస్లెక్సియా యందురు. వ్రాతలో కలుగు చిక్కునకు డిస్గ్రాఫియా యనియు, లెక్కలలో కలుగు చిక్కునకు డిస్కాల్క్యులియా యనియు పేర్లు. ఇవి బుద్ధిమాంద్యములు కావు. బుద్ధి నిండుగా నుండియు చదువు, వ్రాత, లెక్క అను నొక్క ద్వారము మాత్రము ఇఱుకుగా నుండుటయే వీని స్వభావము. ఆ ద్వారమును వెడల్పు చేయు బోధనాపద్ధతులు గలవు. అయితే ఏ ద్వారము ఇఱుకో మొదట తెలిసికొనవలెను.

తెలిసికొను శాస్త్రమును నూఱేండ్లకు మించిన వయసు గలదియే. పాఠశాలలో వెనుకబడు పిల్లలను గుఱుతించు సాధనము కావలెనని ఫ్రాన్సు ప్రభుత్వమువారు కోరగా, ఆల్ఫ్రెడ్ బినే అను పండితుడు థియొడోర్ సిమోన్ అను వైద్యుని తోడుగా గొని 1905లో బుద్ధిపరీక్ష నొకదానిని వెలువరించెను. పిల్లవాని నుదుట చెఱగని అంకె వ్రాయుట ఆయన యుద్దేశము కాదు. సాయమెవరికి కావలెనో తెలిసికొనుటకే ఆయన ఆ పరీక్షను కల్పించెను. శిక్షణచేత తెలివి పెరుగునని ఆయన నమ్మినవాడు. పరీక్ష సాయమునకు మొదటి మెట్టు. సాయము లేని పరీక్ష వట్టి ముద్ర. ఈ సూత్రమును పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. ఇక ముందు మేము చెప్పబోవునదంతయు దీనినే ఆశ్రయించియున్నది.

ఇక చట్టము. 1995 నాటి వికలాంగుల చట్టమున వైకల్యములు ఏడు మాత్రమే. చదువు చిక్కులకు అందు తావు లేకపోయెను. 2016లో పార్లమెంటు చేసి, 2017 ఏప్రిలు 19 నుండి అమలునకు వచ్చిన వికలాంగుల హక్కుల చట్టము ఆ సంఖ్యను ఇరువదియొకటికి పెంచి, నిర్దిష్ట అభ్యసన వైకల్యములను అందు చేర్చెను. ఆ చట్టపు 16వ సెక్షను, పిల్లలలో నీ చిక్కులను వీలైనంత ముందుగా కనిపెట్టి తగిన బోధనోపాయములు చేయుట విద్యాసంస్థల విధియని శాసించుచున్నది. 17వ సెక్షను, బడికి పోవు పిల్లలను ఐదేండ్లకొకమాఱు సర్వే చేయవలెననియు, తొలి సర్వే చట్టము వచ్చిన రెండేండ్లలో ముగియవలెననియు చెప్పుచున్నది. పరీక్షలలో అదనపు కాలము, వ్రాసిపెట్టు లేఖకుడు, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు, ఇవన్నియు ఆ సెక్షనులోనే గలవు. ఇవి ఎవరో దయతలచి యిచ్చు దానములు కావు. పార్లమెంటు ఒసగిన హక్కులు.

చట్టముతో ఆగక, 2018 జనవరి 4న కేంద్రప్రభుత్వమువారు మార్గదర్శకములను ప్రకటించిరి. 2024లో వీనిని సవరించిరి. 2018లో విధించిన క్రమము మిక్కిలి వివేకవంతమైనది. మూడవ తరగతిలోగాని ఎనిమిదేండ్ల వయసునగాని ఉపాధ్యాయులే మొదటి వడపోత చేయవలెను. ప్రధానోపాధ్యాయుని అధ్యక్షతన ప్రతి బడిలోను, అది ప్రభుత్వముదైనను ప్రయివేటుదైనను, ఒక సంఘముండవలెను. అనుమానము కలిగిన బాలుని పిల్లల వైద్యుడు చూచి కన్నును, చెవిని, నరములను పరీక్షింపవలెను. ఆ పిదపనే మనశ్శాస్త్రజ్ఞుడు తెలివిని, చదువును వేఱువేఱుగా కొలువవలెను. ముందు కన్ను, చెవి, తరువాత మనస్సు అను నీ క్రమమును మెచ్చుకొనవలసియున్నది. ఏలయన నల్లబల్లమీది అక్షరము కనబడక మొద్దయినవారును, గురువు మాట సరిగా వినబడక మొద్దయినవారును మన పల్లెలలో తక్కువవారు కారు. ఒక కంటద్దముతో తీరు కష్టమునకు జన్మాంతము అవమానపడినవారు ఎందఱో!

సర్వోన్నత న్యాయస్థానమును ఊరకుండలేదు. ప్రత్యేకావసరములు గల పిల్లలకు ప్రాథమికదశలో పదిమంది కొకరు, ఆ పైదశలో పదునైదుగురి కొకరు చొప్పున ప్రత్యేకోపాధ్యాయులుండవలెనని 2021లో నిర్ణయించి, ఆ ఉద్యోగములను మంజూరు చేసి ప్రకటింపుడని 2025 మార్చిలో రాష్ట్రముల నన్నిటిని ఆజ్ఞాపించెను. మఱియు విశాఖపట్టణమున చదువుకొనుచు మరణించిన యొక విద్యార్థిని విషయమున 2025 జూలైలో తీర్పు చెప్పుచు, నూఱుగురు గాని అంతకు మించి గాని విద్యార్థులు గల ప్రతి విద్యాసంస్థయు అర్హతగల సలహాదారునో, మనశ్శాస్త్రజ్ఞునో, సాంఘికసేవకునో నియమించుకొనవలెననియు, అంతకు తక్కువవారున్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధము నేర్పఱచుకొనవలెననియు మార్గదర్శకములు విధించెను. ఆ తీర్పు ముఖ్యముగా విద్యార్థుల మనోవేదన నుద్దేశించినది. అయినను చదువు రాని చిక్కే ఆ వేదనకు ఎన్నో తావుల మూలమని ఎఱుగనివారెవరు? మన గ్రామ ప్రాథమికపాఠశాలలలో నూఱుగురు లేనివే యధికము. కనుక వానికి “బయటి నిపుణులతో సంబంధము” అను వాక్యమే శరణ్యము. ఆ నిపుణులు గద్వాలలో ఎచ్చట? వనపర్తిలో ఎచ్చట? నాగర్ కర్నూలులో ఎచ్చట?

ఇప్పుడున్న యేర్పాటులను మేము తక్కువ చేసి మాటాడము. సమగ్రశిక్ష క్రింద మండలములలో భవిత కేంద్రములు గలవు. అందలి ఉపాధ్యాయులు కాంట్రాక్టు జీతముతో, నిలుకడలేని కొలువుతో, నడువలేని పిల్లల యిండ్లకు పోయి చదువు చెప్పుచున్నారు. వారి సేవ వందనీయము. 2013లో మొదలైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమపు వైద్యబృందములు బడులకు వచ్చి పిల్లలను చూచుచున్నవి. బడిలోనే తొలి వడపోత చేయుటకు జాతీయ విద్యాపరిశోధన సంస్థవారు 2022లో “ప్రశస్త్” అను ఫోను సాధనమును ఇచ్చిరి. 2024లో తెలంగాణ ప్రభుత్వమువారు ప్రకటించిన 11,062 ఉపాధ్యాయోద్యోగములలో 1,016 ప్రత్యేకవిద్యకు కేటాయించిరి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ముప్పదిమూడు జిల్లాలకు సమముగా పంచినయెడల జిల్లా కొక్కింటికి ముప్పదియొకటికి మించవు. మన మూడు జిల్లాలలో మండలములే నలుబదికి పైబడియున్నవి. మఱియొక మాట: ప్రత్యేకోపాధ్యాయుడు బోధకుడు, మనశ్శాస్త్రజ్ఞుడు పరీక్షకుడు. వైద్యుడున్నాడు గదా అని మందులవాని నక్కఱలేదన్నట్లును, మందులవాడున్నాడు గదా అని వైద్యుని నక్కఱలేదన్నట్లును ఒకరి పని నొకరిమీద మోపరాదు. వడపోత చేయువారు గలరు. బోధించువారు కొంతవఱకు గలరు. నడుమ నిర్ణయించువాడు లేడు. గొలుసు అచ్చటనే తెగియున్నది.

తెగిన గొలుసునకు శిక్ష పొందువాడు పేద తండ్రి. రాజధానిలోని ధనికుని కొడుకు చదువలేకపోయినచో, వారమురోజులలో నిపుణుని గది ముందు కారు ఆగును. నివేదిక చేతికి వచ్చును. పదవ తరగతి పరీక్షలో అదనపు కాలము లభించును. గద్వాల కాపరికి హైదరాబాదు నూటయెనుబది కిలోమీటరుల పైమాట. ఒక్క దినమున ముగియు పరీక్షయు కాదు. రెండు మూడు మాఱులు పోవలెను. బస్సు ఖర్చులు, కూలి నష్టము, మందను కాచుటకు మనిషి, ఇవన్నియు కలిసినచో ఆ తండ్రి “పోనీలే, గొఱ్ఱెలు కాచుకొనును” అనును. అట్లనుటలో ఆయన తప్పేమియు లేదు. ఒకే చట్టము, ఒకే హక్కు. కాని అనుభవించుట దూరమునుబట్టియు, ధనమునుబట్టియు. దీనిని సమానత్వమని ఎవరు పిలువగలరు?

ఇచ్చట ఒక పెద్ద ఆక్షేపణ వినవచ్చును. “అయ్యా, ఇది అక్షరాస్యతలో వెనుకబడిన సీమ. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబునగరు జిల్లా అక్షరాస్యత నూటికి 55. ఆనాటి ఆంధ్రప్రదేశమున అదియే కనిష్ఠము. నేటి గద్వాల జిల్లా ప్రాంతమున నూటికి ఏబదియును నిండలేదు. అందఱికిని చదువే సరిగా అందనిచోట ఒక్కని మనస్సును కొలుచుట విలాసము కాదా?” అని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్న పైకి న్యాయముగానే తోచును. కొంచెము లోనికి దిగి చూచినచో అది తలక్రిందులైన వాదమని తేలును.

పదిమంది బాగుగా చదువు తరగతిలో ఒక్కడు చదువలేకున్నచో వాడు వెంటనే కంటబడును. పదిమందిలో ఆఱుగురు తడబడుచోట వాడు గుంపులో కలిసిపోవును. గద్వాల సీమలో పత్తివిత్తనముల క్రాసింగు పని వచ్చినప్పుడు పిల్లలు నెలల తరబడి పొలములలో నుందురు. ఆ నెలల పాఠము పోవును. వనపర్తి, నాగర్ కర్నూలు పల్లెలనుండి తల్లిదండ్రులు పుణె, బొంబాయి పనులకు వలసపోవుదురు. పిల్లవాడు ఒక సంవత్సరము ఒక బడి, మఱుసటి సంవత్సరము ఏ బడియు లేదు. అమ్రాబాదు అడవులలోని చెంచు బాలుడు ఆశ్రమపాఠశాలకు వచ్చి క్రొత్త పలుకును, క్రొత్త గోడలను చూచి బెదరును. వీరందఱు తడబడుదురు. ప్రతిదినము బడికి వచ్చియు, కన్ను చెవి బాగుండియు, తెలివి గలిగియు తడబడువాడును వీరి ప్రక్కనే కూర్చుండును. నలుగురికి నాలుగు కారణములు, నాలుగు మందులు. మొదటివానికి పొలమునుండి విముక్తియు, తప్పిన పాఠముల పునఃపాఠమును కావలెను. రెండవవానికి వలసకాల వసతిగృహము కావలెను. మూడవవానికి తన పలుకు తెలిసిన గురువు కావలెను. నాలుగవవానికి ప్రత్యేకబోధన కావలెను. నలుగురిని కలిపి “మొద్దులు” అని ఒక్క మూటగట్టుటకు శాస్త్రము అక్కఱలేదు. విడదీయుటకే శాస్త్రము కావలెను. కనుక అక్షరాస్యత హెచ్చుగా నున్నచోటికంటె, ఇచ్చటనే నిపుణుని అవసరము హెచ్చు. రోగములు పెక్కు గలచోట వైద్యుడు విలాసమని ఎవరును అనరు గదా!

బాలిక విషయము ఇంకను దుఃఖకరము. చదువు రాని కొడుకును ఇంకొక సంవత్సరము చూతమనుకొను తండ్రియే, చదువు రాని కూతురిని పొలమునకు పంపును. పొలమునుండి పెండ్లిపీటకు పంపును. ఆమె యేల చదువలేకపోయెనో ఎవరును అడుగరు. వెనుక బల్లమీద బాలుని చూచి యైన జాలిపడువారుందురు. బాలికకు ఆ బల్లయును మిగులదు.

ఇక భాషను గుఱించి. ఇది మన సీమకు ప్రాణప్రదమైన సంగతి. నిజాము పాలనలో తెలుగు బాలునికి ఉర్దూలో పాఠము చెప్పి, అర్థము కాలేదన్నచో వానిని మందమతి యనిరి. గద్వాల సీమలో పుట్టిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రిక స్థాపించిననాడును, 1930లో జోగిపేట ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించిననాడును ఈ సీమ తెలుగువారు తమ భాషకొఱకు పోరాడుచునే యుండిరి. తెలియని భాషలో బోధించుట అన్యాయమైనచో, తెలియని భాషలో బుద్ధిని కొలుచుట అంతకంటె ఘోరమైన అన్యాయము. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1970లో డయానా పేర నడచిన వ్యాజ్యము దీనికి తార్కాణము. ఇంట స్పానిషు మాటాడు పిల్లలను ఇంగ్లీషులో పరీక్షించి మందబుద్ధుల తరగతిలో కూర్చుండబెట్టిరి. వారినే స్పానిషులో మరల పరీక్షింపగా అందు అధికాంశము ఆ తరగతికి చెందనివారని తేలెను. అటుపై ఇంటిభాషలోను పరీక్షింపవలెనని ఒప్పందమయ్యెను.

మన మూడు జిల్లాల పరిస్థితి చూడుడు. తండాల పిల్లవాడు ఇంట గోర్ బోలి మాటాడును. రాయచూరు సరిహద్దు పల్లెలలో ఇంట కన్నడము. పట్టణములలో ఎన్నో యిండ్లలో ఉర్దూ. 2022 నుండి ప్రభుత్వ పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. రెండు లిపులు ఒకేసారి నెత్తిన పడినవి. మన లిపి స్వభావమును వేఱు. ఇంగ్లీషులో వ్రాత యొకటి, పలుకు వేఱొకటి. కావున ఆ బాలుడు తప్పు చదివి దొరకిపోవును. తెలుగులో వ్రాసినదే పలుకుదుము. కావున మన బాలుడు కూడబలుక్కొని తప్పులేకుండ చదివినను చదువవచ్చును, కాని ఒక వాక్యమునకు మూడు నిమిషములు పట్టును. వాక్యము ముగియునప్పటికి మొదలు మఱచిపోవును. గుణింతపు దీర్ఘములు జారిపోవును; ఒత్తులు చోటు మాఱును; “మ”కు “య”కు, “ప”కు “వ”కు భేదము తోచదు. ఈ గుఱుతులు ఇంగ్లీషు పరీక్షలో ఎట్లు కనబడును? మానేసరులోని జాతీయ మస్తిష్క పరిశోధన కేంద్రమువారు 2015లో భారతీయభాషలకు డిస్లెక్సియా పరీక్షలను సిద్ధపఱచినప్పుడు హిందీ, మరాఠీ, కన్నడము, ఇంగ్లీషులతో మొదలిడిరి. ఆ తొలి పట్టికలో తెలుగు లేకపోయెను. తెలుగు పల్లె పిల్లలను చూచి, వారి వయసునకు, వారి పలుకునకు తగినట్లు కొలిచిన ప్రమాణములు కావలెను. నగరపు పిల్లవాని కొలతతో చెంచు పిల్లవానిని కొలిచి పొట్టివాడనుట శాస్త్రము కాదు.

కొందఱు తల్లిదండ్రులకు వేఱొక భయము గలదు. “పరీక్ష చేయించినచో పిచ్చివాడని ముద్ర పడును, రేపు పిల్లనెవరిత్తురు?” అందురు. ఈ భయమును వెక్కిరింపరాదు. ముద్ర వేసి ఊరకుండు పద్ధతులను చూచియే వారు భయపడుచున్నారు. అయినను వారికి మేము మనవి చేయునది యొక్కటి: “మొద్దు” అను ముద్ర ఇదివఱకే పడియున్నది. దానికి ఆధారము లేదు, అప్పీలు లేదు. నిపుణుని నివేదికకు ఆధారముండును, దానిపై మఱల అడుగుటకు వీలుండును, దానివెంట హక్కులు వచ్చును. రహస్యము కాపాడవలసిన బాధ్యత పరీక్షించువానిది. ప్రార్థనాసమయమున పేర్లు చదివి అవమానించు ఉపాధ్యాయులుండినచో వారిని మందలింపవలసినది ప్రధానోపాధ్యాయుడు.

ఏమి చేయవలెను? మేము గగనకుసుమముల నడుగుట లేదు. 2022లో వనపర్తికిని నాగర్ కర్నూలునకును, 2024లో గద్వాలకును ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి. వైద్యకళాశాల యున్నచోట పిల్లల వైద్యమును, మనోవైద్యమును బోధనాంగములు. వీనికి తోడుగా, పునరావాస మండలిలో నమోదైన మనశ్శాస్త్రజ్ఞు నొక్కొక్కరిని ప్రతి కళాశాలలో స్థిరోద్యోగమున నియమించి, బాలపరీక్షా విభాగము తెఱచినయెడల తెగిన గొలుసు అతుకును. ఆ విభాగము ఆసుపత్రిలోనే కూర్చుండరాదు; వారమున కొకటి రెండు దినములు భవిత కేంద్రములకు పోవలెను. 2018లోను, 2023లోను “కంటివెలుగు” పేర ఊరూర తిరిగి ప్రజల కన్నులు పరీక్షించిన ప్రభుత్వమున కిది చేతగాని పని కాదు. కన్నులకొఱకు ఊరికి వచ్చినవారు చదువుకొఱకు మండలమునకు రాలేరా?

నిపుణులెక్కడ దొరకుదురని అడుగవచ్చును. 1984లో నెలకొన్న జాతీయ మేధోవైకల్య సంస్థ సికిందరాబాదులోనే గలదు. పునరావాస మనశ్శాస్త్రమున ఉన్నతశిక్షణ అచ్చట సాగుచున్నది. అచ్చటి విద్యార్థులు తమ శిక్షణకాలమున కొన్ని నెలలు ఈ మూడు జిల్లాలలో పనిచేయునట్లు ఏర్పాటు కావలెను. మహబూబునగరులోని పాలమూరు విశ్వవిద్యాలయము మన తండాల, చెంచుపెంటల పలుకు లెఱిగిన యువకులను ఈ విద్యకు సిద్ధపఱుపవలెను. తెలుగు ప్రమాణముల తయారీకి పూనుకొనవలెను. ప్రత్యేకోపాధ్యాయుల సంఖ్య సర్వోన్నత న్యాయస్థానము చెప్పిన లెక్కకు చేరవలెను. ఏలయన పరీక్షించి బోధింపకుండుట ఆకలి కొలిచి అన్నము పెట్టకుండుటయే. పదవ తరగతి పరీక్ష ముంగిట కాక, ఎనిమిదవ తరగతి ముగియకముందే ధ్రువపత్రములు పిల్లల చేతికి రావలెను. చట్టము చెప్పిన సర్వేలో మన మూడు జిల్లాలలో చదువు చిక్కులు గలవారు ఎందఱు తేలిరో, వారిలో ఎందఱికి ఏ సాయమందెనో మండలములవారీగా ప్రజలయెదుట ప్రకటింపవలెను. లెక్క చెప్పుటకు వెనుదీయు కార్యము జరుగలేదనియే లోకము తలచును.

ప్రభుత్వమును మాత్రము అడిగి ఊరకుండుట పౌరధర్మము కాదు. పట్టణములందలి చదువరులకు, గ్రంథాలయములలో కూడు సోదరులకు మా మనవి యిది. 2005 నాటి సమాచార హక్కు చట్టము మీ చేతిలో గలదు. మా బడిలో వడపోత సంఘము ఏర్పడెనా, ఎందఱిని చూచెను, ఎందఱిని పైకి పంపెను అని తెల్లకాగితముమీద నాలుగు పంక్తులు వ్రాసి అడుగుడు. పిల్లలకును, స్త్రీలకును, వికలాంగులకును ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టపు 12వ సెక్షను ప్రకారము హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలుపు తట్టుడు. వికలాంగుల రాష్ట్ర కమీషనరునకు ఫిర్యాదు వ్రాయుటకు వకీలు ఫీజు అక్కఱలేదు. వ్రాయుట తెలియనివారికి వ్రాసిపెట్టుట మా వృత్తిసోదరుల విధి. ఆదివారము ఒక గంట ఇందుకు కేటాయించినచో వారి ఆదాయమేమియు తఱగదు. గ్రంథాలయమున సాయంకాలము వార్తలు చదివి వినిపించునట్లే, నెలకొకమాఱు 2016 చట్టములోని ఈ రెండు సెక్షనులను చదివి, తల్లిదండ్రులకు అర్థమగు మాటలలో చెప్పుడు. అన్నిటికంటె ముందు, అన్నిటికంటె చౌకగా, ఈ దినమే చేయదగిన పని యొకటి గలదు: “మొద్దు” అను మాటను మన నాలుకనుండి తీసివేయుట.

మన సీమ చదువునకు స్థానమీయనిది కాదు. గద్వాల కోటలో కళాశాల నడచెను. వనపర్తి రాజప్రాసాదమున పాలిటెక్నికు నెలకొనెను. రాజుల మందిరములనే విద్యార్థులకు విడిచిన ప్రజలము, బడిలోని వెనుక బల్లను విడువలేమా?

ఆ కాపరి కొడుకునకు ఏమాయెనని పాఠకు లడుగవచ్చును. తెలిసినవారి నడిగి, చిరునామా వ్రాసి, హైదరాబాదునకు పంపు ప్రయత్నము చేసితిమి. రెండుమాఱులు వెళ్లిరి. మూడవమాఱు వెళ్లవలసినప్పుడు వానలు పడినవి. మందను విడిచి తండ్రి కదలలేకపోయెను. పరీక్ష సగములో ఆగెను. బాలుడిప్పుడు మందవెంట నున్నాడు. నూఱు గొఱ్ఱెలలో ఒక్కటి తప్పినను వాడు గుఱుతించును. వెనుకకు పోయి, వెదకి, భుజమున వేసికొని తెచ్చును. నూఱుగురు పిల్లలలో ఒక్కడు తప్పిపోయినచో గుఱుతించి, వెదకి, తెచ్చు పాటి నేర్పు మన విద్యాశాఖకును, మనకును ఎన్నడు కలుగునో!